అమ్మమ్మ కొట్టు పాట తెచ్చిన దెబ్బలు

యముడికి కూడా మా అమ్మమ్మ అంటే జంకే. ఆవిడ కోసం వచ్చే రోజున దున్నపోతును నాలుగు వీధుల అవతల కట్టేసి, చెమటలు తుడుచుకుంటూ నడిచి రావాలి. తోలుకొచ్చాడో, దాని పని అయిపోయినట్టే. మా అమ్మమ్మ దాన్ని దేవుడి వాహనంగా చూడదు. తొడలు ఇంత, డొక్కలు ఇంత, ఎముక తీసేస్తే ఇంత అని కంటితోనే తూకం వేసేస్తుంది. ఆ పైన యముడు పాశం భుజాన వేసుకుని కాలినడకన ఇంటికి పోవడమే.

నమ్మనివాళ్లు మా కొట్టుకు రండి. మార్కెట్టు సందులో చేపలమ్మే వాళ్లకూ చెప్పులు కుట్టే ఆయనకూ మధ్య ఉంటుంది. ముందు మాంసం కొట్టే మొద్దు, దాని పైన కోసిన మేకపోతులు, అదే వేటలు, వేలాడే కొక్కేలు, పక్కన త్రాసు. వెనక ఒక తెర. తెర వెనక మా అమ్మ కుట్టుమిషను, మా ముగ్గురి మంచాలు, పొయ్యి. కొట్టూ అదే, ఇల్లూ అదే. వేరే గుమ్మం లేదు. లోపలున్న మా అమ్మను చేరాలంటే ఎవరైనా మొద్దు పక్కనుంచి, అంటే అమ్మమ్మ మోచేతి పక్కనుంచి, పోవాలి. మా అమ్మ ఆ తెర వెనక్కి వచ్చి పడింది అందుకే.

మా నాన్న సిటీ బస్సు డ్రైవరు. రోడ్డు మీద అంత నిదానస్తుడు లేడని డిపోలో పేరు. కుక్క అడ్డం వస్తే బ్రేకు, కోడి అడ్డం వస్తే బ్రేకు. ఇంట్లోకి వస్తే మాత్రం బ్రేకుల్లేవు. కూరలో ఉప్పు ఎక్కువైతే ఒకటి, తక్కువైతే రెండు, సరిపోతే ఎందుకు మాట్లాడవని మూడు. ఒక చెంపదెబ్బకు అమ్మ ఎడమ చెవి పోయింది. ఒకరోజు బూటుకాలితో డొక్కలో తన్నాడు. అమ్మ ఒక చేత్తో డొక్క పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను పట్టుకుని, ఆయన నడపని బస్సెక్కి ఇక్కడికి వచ్చేసింది. నేనప్పుడు తొమ్మిదో తరగతి. బడి ఆయన డిపో పక్కనే ఉండేది కాబట్టి నా చదువు అక్కడితో సరి. ఈ రాతలో తప్పులుంటే ఆ డిపోను అడగండి.

అమ్మమ్మ ఆ రోజు ఏడవలేదు. అమ్మ డొక్క మీద అరచెయ్యి పెట్టి మెల్లగా తడిమింది. "రెండు విరిగాయి" అంది. తర్వాత మొద్దు మీద చెయ్యి వేసి, "అల్లుడుగారు ఈ మొద్దు దాటి లోపలికి వచ్చే నాటికి నేను బతికి ఉండను" అంది.

చూశారా, అప్పుడు కూడా 'అల్లుడుగారు' అంది. మా అమ్మమ్మకు నోరు చాలా పెద్దది. చేపలవాళ్లు కూడా ఆవిడ తిట్లు అరువు తీసుకుంటారు. కానీ అల్లుడంటే మాత్రం నాలుక మడత పడుతుంది. కూతుర్ని ఇచ్చిన చోట 'నువ్వు' అనకూడదని ఆవిడ వాళ్లమ్మ చెప్పిందట, అంతే. అమ్మను తీసుకుపోవడానికి మా నాన్న మొదటిసారి వచ్చి సందులో నిలబడి అరిచినప్పుడు ఇలా జరిగింది.

"పంపిస్తారా, పంపించరా?"

"ఎండన పడి వచ్చారు, ముందు మంచినీళ్లు తాగండి అల్లుడుగారూ."

"నీళ్లకు రాలేదు. నా పెళ్లాం కోసం వచ్చాను."

"నీళ్లైతే ఇస్తానండి. అమ్మాయినైతే ఇవ్వను. మీరేమీ అనుకోకండి."

చేతిలో అరచెయ్యంత వెడల్పు కత్తి ఉంది. దాని మీంచి నెత్తురు బొట్టు బొట్టుగా కారుతోంది. 'మీరేమీ అనుకోకండి' అంటే ఎవరు మాత్రం ఏమనుకుంటారు? ఆయన నీళ్లు తాగాడు, గ్లాసు మొద్దు మీద బోర్లించాడు. "ఎన్నాళ్లు కాపలా కాస్తారో నేనూ చూస్తాను" అని పోయాడు.

మనిషిని అనలేని మాటలు కడుపులో ఊరికే ఉంటాయా? మర్నాడు పొద్దున్న కొక్కెం నుంచి దింపిన మొదటి వేటకు ఆవిడ పేరు పెట్టేసింది. అల్లుడు.

"రా అల్లుడూ, పడుకో. సిగ్గెందుకురా, అత్తారిల్లేగా. ఏదీ, ఏ కాలు? ఇదేనా డొక్కలో తన్నింది?" ఠాక్. "పోయింది. రెండో కాలు అప్పుడేం చేస్తోంది? నిలబడి చూస్తోందా? దానికీ సాయం పట్టిన పాపం ఉంది." ఠాక్ ఠాక్. "ఇప్పుడు డొక్క. ఎన్ని విరిచావురా? రెండేనా? నేను పిసినారిని కాను, అన్నీ విరుస్తాను." ఠాక్ ఠాక్ ఠాక్. "నాలుక ఇవ్వనా అమ్మా? మంచి నాలుక, అబద్ధాలాడి ఆడి మెత్తబడింది."

మాంసం కోసం వచ్చినవాళ్లు నవ్వలేక, నవ్వు ఆపుకోలేక చచ్చేవాళ్లు. తెర వెనక మిషను చప్పుడు మాత్రం ఒక్క క్షణం ఆగి మళ్లీ మొదలయ్యేది. అమ్మ నవ్వుతోందో ఏడుస్తోందో నాకెప్పుడూ తెలియలేదు.

మా పై గదిలో ఫోన్లు బాగుచేసే ఆయన ఒకడు అద్దెకుండేవాడు. పగలు ఫోన్ల పొట్టలు కోసేవాడు, సాయంత్రం ర్యాపు కట్టేవాడు. తనకు తాను 'పిడుగు' అని పేరు పెట్టుకున్నాడు. అమ్మమ్మ నోట అది మొదటి రోజే 'పీనుగు' అయింది. మనిషి కూడా ఆ రెండో పేరుకే తగినట్టుంటాడు. డొక్కలు బట్టల్లోంచి లెక్కపెట్టొచ్చు. "నిన్ను కోస్తే త్రాసు కూడా లేవదురా" అనేది అమ్మమ్మ. ఆయన గోడలకు పాత పరుపులు కొట్టి, మధ్యలో మైకు పెట్టి, ఒక ఆల్బమ్ తయారు చేస్తున్నాడు. పేరు 'పచ్చి నెత్తురు'. అప్పటికి అయిన పాటలన్నిట్లో తను ఎంతమందిని తన్నాడో చెప్పుకున్నాడు. మా సందు పిల్లులు కూడా ఆయన్ని చూసి పక్కకు తప్పుకునేవి కావు.

ఒకరోజు మెట్లు దిగుతూ అమ్మమ్మ 'అల్లుడు' కోయడం విని అక్కడే కూలబడ్డాడు.

"అవ్వా, నాకిది కావాలి."

"ఏం కావాలి? కాలా, డొక్కా?"

"నీ మాట. ఈ ఠాక్ ఠాక్. అంతా. నీ మీద పాట కడతాను."

"నా మీద కాదు. కొట్టు మీద కట్టు. ఈ సందులో కొత్తవాళ్లకు దారి దొరకడం లేదు. కొట్టు పేరు గట్టిగా, పదిసార్లు వినపడాలి."

"కొట్టు పేరేంటి?"

"పేరేముంది? అందరూ అమ్మమ్మ కొట్టు అంటారు."

పీనుగు కళ్లు మూసుకున్నాడు. పెదవులతో రెండుసార్లు అనుకున్నాడు. అమ్మమ్మ కొట్టు. అమ్మమ్మ, కొట్టు. కళ్లు తెరిచేసరికి వాటిలో లైట్లు వెలిగాయి. ఆ ఒక్క మాటలో అమ్మమ్మకు దుకాణం వినపడింది, ఆయనకు దెబ్బ వినపడింది. ఇద్దరూ ఒకే మాట మీద సరేనన్నారు. రెండు వేర్వేరు మాటల మీద సరేనన్నారని తర్వాతగానీ తేలలేదు.

రికార్డింగు చూడవలసిందే. అమ్మమ్మ ఉతికిన చీర కట్టుకుని, తల దువ్వుకుని పై గదికి వెళ్లింది. మైకు ముందు చేతులు కట్టుకుని నిలబడింది. పీనుగు వేలు ఊపగానే రేడియోలో వార్తలు చదివినట్టు మొదలుపెట్టింది. "అందరికీ నమస్కారములు. మా కొట్టునందు తాజా మాంసము లభించును."

"అలా కాదు అవ్వా. తిట్టు. పొద్దున్న తిట్టినట్టు."

"ఎవర్ని తిట్టను? ఎదురుగా ఎవరూ లేరుగా."

"నన్ను తిట్టు."

"నిన్ను తిట్టడానికి నోరెందుకు, చూపు చాలు."

లాభం లేక ఒక తొడ పైకి మోయించాడు. పరుపులన్నీ నెత్తురయ్యాయి, ఈగలు వచ్చాయి. అయినా ఆవిడ నోరు పెగల్లేదు. ఆవిడ నోటికి మొద్దు కావాలి, కొక్కెం కావాలి, ఎదురుగా నిలువునా వేలాడే వేట కావాలి. చివరికి పీనుగే కిందికి దిగి, మైకును కొక్కేనికి తగిలించి, నోరు మూసుకుని మూల కూర్చున్నాడు. అమ్మమ్మ మైకు సంగతి మర్చిపోయేదాకా కూర్చున్నాడు. మర్చిపోయింది. ఆ రోజు అల్లుడికి పడినన్ని వేట్లు ఎప్పుడూ పడలేదు. చివర్న తల పక్కన పెట్టి, రొప్పుతూ, ఆవిడ చాలా మెల్లగా ఒక మాట అంది. "నా పిల్లకు ఆ పక్క నుంచి పిలిస్తే వినపడదురా." అది కూడా మైకులో పడింది.

పీనుగు ఆ కత్తి చప్పుళ్లనే దరువు చేశాడు. ఎముక మీద పడేది పెద్ద దెబ్బ, మెత్త మీద పడేది చిన్న దెబ్బ. మధ్యలో తన గొంతు పెట్టాడు.

*అత్తారిల్లు ఇది, అడుగు పెట్టి చూడు*
*నిలువునా వచ్చినోడు ముక్కలై పోతాడు*
*అమ్మమ్మ కొట్టు! కాలుంటే కొట్టు! కీలుంటే కొట్టు!*
*తన్నినోడి పొగరు దిగేదాకా కొట్టు!*

ఆ చివరి మెల్లని మాటతో పాట ఆగిపోతుంది. ఆ తర్వాత ఏ చప్పుడూ ఉండదు.

పాట విన్నాక అమ్మమ్మ, "పేరు బాగానే పలికావు, దారి చెప్పలేదేం?" అంది.

దారి చెప్పకపోయినా జనం వచ్చారు. ఆల్బమ్‌లో ఆయన వీరగాథలన్నీ ఒక పక్కన పడి ఉంటే ఈ ఒక్క పాట ఊరంతా తిరిగింది. ఆటోల్లో, సెలూన్లలో, కాలేజీ గేట్ల దగ్గర అదే. టీవీలో ఒక పెద్దాయన ఈ పాట వల్ల యువత చెడిపోతుందని గంటసేపు చెప్పి, చివర్న కాలితో దరువు వేశాడు. ఎక్కడ కొట్లాట జరిగినా చుట్టూ చేరినవాళ్లు "అమ్మమ్మ కొట్టు" అని అరవడం మొదలైంది. ఒక సినిమా హాలు దగ్గర ఆ అరుపుల మధ్య ఒక కుర్రాడి కన్ను పోయింది. అది విని అమ్మమ్మ ఆ పూట అన్నం ముట్టలేదు. "నేను చచ్చినదాన్ని కోస్తున్నానే. వీళ్లు బతికున్నవాళ్లను కొడుతున్నారేంటి?" అంది.

కానీ ఇంకో రకం వాళ్లు కూడా వచ్చారు. ఆడవాళ్లు. ఎక్కడెక్కడి నుంచో వచ్చేవాళ్లు. వరసలో నిలబడి, తమ వంతు రాగానే ముందుకు వంగి గొంతు తగ్గించేవాళ్లు.

"ఇవాళ ఇది మా మరిది అనుకుని కొట్టండమ్మా."

"ఏం చేశాడు?"

"వేళ్లు విరిచాడు."

అమ్మమ్మ ఇంకేమీ అడిగేది కాదు. "రారా మరిదీ" అని ముందరికాలు లాగి గిట్టల దగ్గర మొదలుపెట్టేది. ఒకావిడ పొట్లం కూడా తీసుకోకుండా, చూసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. మామగార్లు, బావగార్లు, హాస్టలు వార్డెనులు, ఒక లెక్కల మాస్టారు, అందరూ మా మొద్దు మీద పడుకుని లేచారు. లేవలేదనుకోండి.

ఇక మా నాన్న. ఆయన బస్సులోనే ఆ పాట మోగేది. వెనక సీట్లలో కాలేజీ పిల్లలు అందుకునేవాళ్లు. ఆ కొట్టు ఎవరిదో కండక్టరుకు తెలుసు. అతను ఒకరోజు డిపోలో అందరి ముందు అడిగాడట. "గురూ, కాళ్లు రెండూ ఉన్నాయా? ప్యాంటు పైకెత్తు, చూద్దాం." డిపో అంతా నవ్వింది. ఆ రోజు నుంచి ఆయన నడిచినప్పుడల్లా ఎవరో ఒకరు నోటితో 'ఠాక్' అనేవారు. ఆయన మాకు కబురు పంపాడు. "పాట తీయించండి. లేదా నేనే వచ్చి తీయిస్తాను."

అమ్మమ్మ పీనుగును పిలిచి తీసేయమంది. పీనుగు అప్పటికే వీడియో తీస్తానని ఊరంతా చాటాడు. "ఒక్క వీడియో అవ్వా, తర్వాత తీసేస్తాను" అని కాళ్లు పట్టుకున్నాడు. అమ్మమ్మ మెత్తబడింది. అదే ముంచింది.

వీడియో రోజు పొద్దున్నే సందంతా జనం. చెప్పుల ఆయన పందిరి గుంజ కూడా ఎక్కారు. అల్లుడి వేషానికి జిమ్ములో కండలు పెంచిన ఒకతన్ని మాట్లాడారు. అతను ఇంకా రాలేదు. పీనుగు స్టూలెక్కి జనానికి చెప్పాడు. "ఇప్పుడు అల్లుడు వస్తాడు. రాగానే అందరూ గట్టిగా అరవాలి. మొహాల్లో ఎక్స్‌ప్రెషన్ ఉండాలి!"

అల్లుడు వచ్చాడు. అసలు అల్లుడే వచ్చాడు. చేతిలో బస్సు టైరు విప్పే ఇనుప రాడ్డు ఉంది.

జనం ఈలలు వేశారు. దారి ఇచ్చారు. ఎవరో వీపు తట్టి "యాక్టింగ్ ఇరగదీస్తున్నావన్నా" అన్నారు. ఆయన మొహం చూడగానే నా చేతిలోని సంచి జారిపోయింది. అమ్మమ్మ కూడా చూసింది. చూసి, నేను కలలో కూడా అనుకోని పని చేసింది. మొద్దు మీదున్న కత్తులన్నీ ఒక్క తోపుతో కింద ఉన్న నీళ్ల తొట్టిలోకి తోసేసింది. మాకున్న బలమంతా నీళ్లపాలు చేసి వట్టి చేతులతో నిలబడింది.

"అల్లుడుగారూ, జనం ఉన్నారు. రేపు రండి, మాట్లాడుకుందాం."

ఆయన బూటుకాలు ఎత్తి మొద్దు మీద పెట్టాడు. "నా కాలు కొడతావట కదా! ఇదిగో కాలు. కొట్టు."

"అమ్మమ్మ కొట్టు! అమ్మమ్మ కొట్టు!" అని జనం అందుకున్నారు.

"కాలు దించండి. అది మాంసం పెట్టే చోటు."

రాడ్డు ఆవిడ భుజం మీద పడింది. ఆ చప్పుడు అచ్చం పాటలోలాగే వినపడింది. అందుకే జనం ఇంకా గట్టిగా అరిచారు. రెండో దెబ్బ తల మీద పడింది. నెత్తురు కనుబొమ మీంచి కంట్లోకి దిగింది. "రంగు భలే కలిపారు" అన్నాడొకడు నా పక్కన. "నిజంగా కొడుతున్నాడు! ఎవరైనా పట్టుకోండి!" అని నేను గొంతు చించుకున్నాను. అతను నన్ను చూసి, "ఈ పిల్ల కూడా బాగా చేస్తోంది" అని ఫోను నా వైపు తిప్పాడు.

ఆయన అమ్మమ్మ జుట్టు పట్టుకుని మొహాన్ని మొద్దుకేసి అదిమాడు. "పిలువు దాన్ని. లోపల దాక్కున్నదాన్ని పిలువు."

ఆవిడ చెంప పాత నెత్తుట్లో ఉంది. పెదవి చిట్లింది. అప్పుడు, నా ఎరుకలో మొదటిసారి, ఆ 'మీరు' విరిగిపోయింది. "ఒరేయ్. దాని మీద చెయ్యి పడిందంటే నీ నెత్తురు తాగుతాను."

పీనుగుకు అప్పటికి అర్థమైంది. తన పాటల్లో ఊరంతటినీ తన్నిన ఆ మనిషి జీవితంలో మొదటిసారి నిజం కొట్లాటలోకి దూకాడు. కెమెరా వదిలేసి మా నాన్న వీపు మీద పడ్డాడు. ఒక్క మోచేతి పోటుకు ముందు పన్ను ఊడి, నోరు పట్టుకుని వేటల కింద పడిపోయాడు. కెమెరా కిందపడి మురికికాలవనే చూస్తూ ఉండిపోయింది.

ఆయన మొద్దు దాటాడు. అమ్మమ్మ నేల మీద పాకి ఆయన కాలు రెండు చేతులా పట్టుకుంది. బూటుతో వేళ్ల మీద తొక్కాడు. వేళ్లు విరగడం నాకు వినపడింది. అయినా వదల్లేదు. ఇంకోసారి తొక్కాడు. అప్పుడు వదిలింది.

ఆయన వేలాడే వేటలను పక్కకు నెట్టుకుంటూ వెళ్లి తెర లాగాడు. అవి ఊగి వచ్చి మళ్లీ అడ్డం పడ్డాయి. సందులోని జనానికి ఇక అవతల ఏం జరుగుతోందో కనపడలేదు. నేను అప్పటికే మొద్దు పక్కనుంచి దూరి వాటి లోపలి వైపుకు చేరాను. నాకు కనపడింది.

తెర వెనక మా అమ్మ నిలబడే ఉంది. ఆయన నవ్వాడు. "పద" అన్నాడు. జుట్టు కోసం చెయ్యి చాచాడు. అమ్మ ఆయన్ని చూడలేదు. ఆయన భుజం పక్కనుంచి, నేల మీద విరిగిన వేళ్లు చూసుకుంటున్న వాళ్లమ్మను చూసింది. తెర పక్క అరలో పెద్ద తూకం రాళ్లుంటాయి. వాటిలో బరువైనది తీసింది. చాచిన చేతి మీద, మోచేతి దగ్గర, వేసింది. ఎండిన కొమ్మ విరిగినట్టు విరిగింది. ఆయన మోకాళ్ల మీద కూలి ఆ చెయ్యి చూసుకుంటున్నాడు. అమ్మ మళ్లీ అదే చోట వేసింది. మూడోసారి రాయి తలకు పైన లేచింది.

"చాలు" అంది అమ్మమ్మ. "ఇక వేస్తే చస్తాడు. ఇటివ్వు."

లేచి, ఆ రాయి తన మంచి చేత్తో తీసుకుంది. అమ్మ చేతికి అంటిన నెత్తురు తన కొంగుతో తుడిచింది. కుడి చెవి దగ్గర నోరు పెట్టి, "లోపలికెళ్లి మిషను తొక్కు. నేను చెప్పేదాకా ఆపకు" అంది.

వేటలు తప్పించుకుని మా నాన్న సందులోకి పాక్కుంటూ వచ్చేసరికి వెనక అమ్మమ్మ నిలబడి ఉంది. ఒళ్లంతా నెత్తురు, చేతిలో రాయి. లోపల మిషను గడగడమని ఆడుతోంది. జనం చప్పట్లు కొట్టారు. ఆయన వాంతి చేసుకున్నాక చప్పట్లు ఆగాయి. అప్పుడు వచ్చాడు జిమ్ము అతను, ఆలస్యానికి సారీ చెబుతూ.

ఎస్సై వచ్చి అడిగాడు. "ఎవరు కొట్టింది?"

"నేనే" అంది అమ్మమ్మ.

"అమ్మమ్మే సార్" అన్నారు సందంతా ఒక్క గొంతుతో. ఒక్కరూ చూడలేదు, అందరూ సాక్షులే. పాటలో ముందే ఉంది కదా. ఎస్సై తలగోక్కున్నాడు. ఆయన ఫోను రింగ్‌టోను కూడా అదే.

అసలు భయం ఆస్పత్రిలో పట్టుకుంది. మా నాన్న నోరు విప్పితే అమ్మ పని అయిపోయినట్టే. ఆయన మంచం చుట్టూ డిపో వాళ్లంతా నిలబడి ఉన్నారు. ఎదురు మంచం మీద అమ్మమ్మకు తలకు కుట్లు వేస్తున్నారు. పక్కన అమ్మ. ఎస్సై కాగితం తీసి "ఎవరు కొట్టారు, నువ్వు చెప్పు" అన్నాడు. ఆయన అమ్మను చూశాడు. అమ్మ చూపు తిప్పుకోలేదు. తర్వాత తన డిపో వాళ్ల మొహాలు చూశాడు. అమ్మమ్మ కొట్టిందంటే ఊళ్లో పేరు పడ్డ మనిషి కొట్టినట్టు. పెళ్లాం కొట్టిందంటే? ఆ 'ఠాక్' ఇక ఏ జన్మకూ ఆగదు.

"అత్తే కొట్టింది" అన్నాడు. "అందరూ చూశారుగా."

ఎన్నో దెబ్బలు వేసిన మనిషి మా అమ్మకు చేసిన ఒకే ఒక మేలు అది. అది కూడా సిగ్గుకొద్దీ చేశాడు.

అమ్మమ్మను రిమాండుకు పంపారు. ముసలి మనిషి, ముందు రాడ్డు దెబ్బలు తిన్నది, అని తొందరగానే వదిలారు. మా నాన్న మీద కూడా కేసు పెట్టారు. ఆవిడ లోపల ఉన్నన్నాళ్లూ అమ్మే మొద్దు దగ్గర నిలబడింది. మొదటి రోజు మొహం పక్కకు తిప్పుకుని కోసింది. రెండో రోజు వేట మీద రుమాలు కప్పి కోసింది. మూడో రోజు రుమాలు తీసేసింది. అమ్మ మాట్లాడుతూ కోయదు. ఎవరైనా "ఇది మా ఆయన అనుకోండి" అంటే తలెత్తి, "అనుకోవడం దేనికి? ఇంట్లోంచి వచ్చెయ్యండి" అంటుంది. కొందరికి ఆ జవాబు నచ్చదు. కొందరు ఇల్లు వదిలి సంచితో వచ్చేశారు. వాళ్లు పడుకోవడానికి పీనుగు గది గోడల మీది పరుపులకు పని పడింది.

విడాకులకు ఆయన మొదట ఒప్పుకోలేదు. అమ్మ ఒక్క మాట కబురు పంపింది. "ఆ రోజు సంగతి డిపోలో చెప్పమంటావా?" మర్నాడే సంతకం పెట్టాడు. చెయ్యి అతికింది కానీ స్టీరింగు తిరగలేదు. వేరే ఊళ్లో టైర్ల గోడౌనుకు మార్చారు. పోయిన వర్షాకాలంలో జ్వరంతో అక్కడే పోయాడు. అందుకే ఇప్పుడు ఈ నిజం రాయగలుగుతున్నాను. అమ్మను అడిగితే, "రాసుకో. నా దెబ్బకు ఇన్నాళ్లూ మీ అమ్మమ్మ పేరు తెచ్చుకుంది" అంది. పీనుగు పాట తీసేశాడు. దొంగచాటుగా ఇంకా మోగుతూనే ఉంటుంది. ఆయన కట్టించుకున్న పన్ను కూడా కొత్తగా మెరుస్తూనే ఉంటుంది. అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చూపిస్తాడు.

ఒక్క సంగతి మాత్రం నాకు అంతు చిక్కలేదు. ఇదంతా రాసేసి, కాగితాలు పట్టుకుని మొద్దు దగ్గరికి వెళ్లాను. రెండు వేళ్లు వంకరగా అతికిన చేత్తో అమ్మమ్మ డొక్కలు కొడుతోంది.

"అమ్మమ్మా, ఊళ్లో అందరి అల్లుళ్లనూ నరికావు. నీ అల్లుడు ఎదురుగా వచ్చి కాలు మొద్దు మీద పెడితే కత్తులు నీళ్లలో పడేశావేం? భయపడ్డావా?"

ఆవిడ కత్తి ఆపలేదు. నా వైపు చూడనైనా లేదు.

"కత్తి అక్కడుంటే చెయ్యి ఊరుకుంటుందా? నరికితే ఉరి నాకు, ఏడుపు మీ అమ్మకు, పేరు ఆ పీనుగుకు. నీకేం, ఇంకో కథ దొరికేది. లే అవతలికి, కాగితాల మీద నెత్తురు పడుతుంది."